జీవిత ఖైదు, 14 ఏళ్ళ లెక్క: విశాఖ సెంట్రల్ జైలులో ఉన్నవాళ్ళ ఇంటివారికి

ఉద్దానం_కొబ్బరి

అందరికీ నమస్కారం. ఉద్దానంలో ఒక కుటుంబం తరఫున అడుగుతున్నాను. 302 (హత్య) కేసు, శ్రీకాకుళం సెషన్స్ కోర్టు తీర్పు, జీవిత ఖైదు. మనిషి అడవివరం సెంట్రల్ జైల్లో ఉన్నాడు. ఇంట్లోవాళ్ళు "14 ఏళ్ళు నిండిపోనాయి, ఇంకా ఎందుకు వదల్లేదు" అంటున్నారు. ఎవరో 20 ఏళ్ళు అన్నారట, ఇంకెవరో ఆగస్టు 15కి పేరు వస్తాదన్నారట. అసలు లెక్క ఏటండి? కాగితాలు ఏవి పట్టుకుని ఎవరి దగ్గరకి వెళ్ళాలి?

గంటస్తంభం

ముందు ఒక అపోహ తీసేయాలి. జీవిత ఖైదు అంటే 14 ఏళ్ళూ కాదు, 20 ఏళ్ళూ కాదు. బతికున్నంత కాలం. గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో 1961లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. 20 ఏళ్ళ మాట ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 57వ సెక్షన్ నుంచి వచ్చింది. అది శిక్షలో సగమెంత, పావెంత అని భాగాలు లెక్కేయడానికి మాత్రమే.

14 ఏళ్ళనేది సీఆర్పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 433ఎ నుంచి వచ్చింది, 1978లో చేర్చారు. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 475. అది చెప్పేది "14 ఏళ్ళకి వదలండి" అని కాదు, "14 ఏళ్ళు లోపల ఉండకుండా వదలకండి" అని. తలుపు తెరిచే తేదీ కాదది, తలుపు తట్టడానికి వీలయ్యే తేదీ. ఆ రోజు దాటినంత మాత్రాన విడుదల హక్కు రాదు. తన కేసు పరిశీలించమనే హక్కు వస్తుంది, అంతే.

ఇంకో చిన్న విషయం. 433ఎ అన్ని జీవిత ఖైదులకీ వర్తించదు. నేరానికి మరణశిక్ష కూడా పడే వీలుండాలి, లేదా ఉరి శిక్షను జీవిత ఖైదుగా మార్చి ఉండాలి. 302, 396 (హత్యతో కూడిన బందిపోటు దోపిడీ) అలాంటివే. 304బి వరకట్న మరణంలో గరిష్ఠ శిక్ష జీవిత ఖైదే, ఉరి లేదు. అందుకని చట్టం పెట్టిన 14 ఏళ్ళ అడ్డు అక్కడ లేదు. కానీ ప్రభుత్వ జీవోల్లో ఆ సెక్షన్‌నే మినహాయింపుల జాబితాలో పెడుతుంటారు. కాబట్టి సంబరపడక్కర్లేదు.

నాగావళి_ఒడ్డు

గంటస్తంభం గారు చెప్పినదానికి ఒక సవరణ. "14 ఏళ్ళు లోపల ఉండకుండా వదలకూడదు" అనేది సీఆర్పీసీ 432 కింద ప్రభుత్వం ఇచ్చే శిక్ష తగ్గింపుకి, అంటే రెమిషన్‌కి. రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నరు ఇచ్చే క్షమాభిక్షకి ఆ అడ్డు లేదు. 1980లో మారూ రామ్ కేసు, 2021లో హర్యానా రాజ్ కుమార్ కేసు, రెండూ ఇదే చెప్పాయి. గవర్నరు సొంతంగా నిర్ణయించరు, మంత్రివర్గ సలహా మీదే నడుస్తారు. జనవరి 26, ఆగస్టు 15, గాంధీ జయంతి సందర్భాల్లో వచ్చే ప్రత్యేక జీవోలు ఎక్కువగా ఈ దారివే. అందుకే కొన్నిసార్లు 14 ఏళ్ళు నిండనివాళ్ళూ బయటకు వస్తారు. ఊళ్ళో "వాడికి పదేళ్ళకే వచ్చింది, మావాడికేంటి" అనే గొడవ పుట్టేది ఇక్కడే.

ఆ జీవోల్లో షరతులు ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి. లోపల ఉన్న కాలం ఇంత, రెమిషన్‌తో కలిపితే ఇంత అని రెండు గీతలు గీస్తారు. వయసు, మగ ఆడ తేడాలూ ఉంటాయి. పాత జీవో చూసి కొత్తదాని మీద ఆశ పెట్టుకోవద్దు. శిక్ష పడిన రోజున ఏ విధానం అమల్లో ఉందో అదే లెక్క. తరువాత వచ్చినది ఇంకా ఉదారంగా ఉంటే దాని ప్రయోజనం ఇవ్వాలని 2010లో జగదీశ్ కేసు తీర్పు. కాబట్టి రెండు కాగితాలూ దగ్గర పెట్టుకోవాలి.

బొబ్బిలి_వీణ

లెక్క ఎలా వేస్తారో చూపిస్తాను. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. తేదీలు ఉదాహరణకి వేసుకున్నవి.

అరెస్టు 12-3-2009. బెయిలు మీద బయటకు 10-9-2009. మళ్ళీ తీర్పు రోజు 20-6-2011 నుంచి లోపలే. ఇంట్లోవాళ్ళు 2009 నుంచి లెక్కేసి "2023లోనే అయిపోయింది" అంటారు. తీర్పు తేదీ ఒక్కటే చూసేవాళ్ళు "2025 జూన్" అంటారు. రెండూ తప్పే.

అరెస్టు నుంచి బెయిలు దాకా ఉన్న రిమాండు, రెండు చివరి రోజులూ కలిపితే 183 రోజులు. 428 సెక్షన్, అంటే ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 468 కింద అది కలుస్తుంది. జీవిత ఖైదుకి ఈ సర్దుబాటు లేదని పాతరోజుల్లో వాదించేవారు. 1985లో భగీరథ్ కేసులో ఉందని తేల్చారు. తీర్పు తేదీ నుంచి 14 ఏళ్ళు 19-6-2025తో నిండుతాయి. అందులో 183 రోజులు వెనక్కి జరిపితే 18-12-2024.

ఇప్పుడు పెరోల్. అన్నీ కలిపి 60 రోజులు బయట ఉన్నాడనుకోండి. ఆ రోజులు లోపల ఉన్నట్టు కాదు. 2023 జనవరిలో గోవా రోహన్ ధుంగట్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. 60 రోజులు ముందుకి జరపాలి. 16-2-2025. అదీ అసలు తేదీ.

రెమిషన్ రోజులు ఈ 14 ఏళ్ళలో కలవవు. సత్ప్రవర్తనకి, పనికి, ఏడాదంతా నేరం లేకుండా ఉన్నందుకు వచ్చిన రోజులన్నీ రెండో గీత కోసమే, అంటే "రెమిషన్‌తో కలిపి ఇన్నేళ్ళు" అనే దాని కోసం. ఈ రెంటినీ కలిపేసి అర్జీ రాస్తే ఒక్క లైనుతో తిప్పి పంపుతారు.

రిమాండు కూడా ఆ కేసులోదే అయి ఉండాలి. వేరే కేసులో లోపల ఉండగా ఈ కేసులో పీటీ వారెంటు (లోపల ఉన్నవాణ్ణి ఇంకో కేసు కోర్టుకి రప్పించే ఉత్తర్వు) మీద తెచ్చి ఎప్పుడు రిమాండు చేశారో ఆ తేదీ చూడండి. కోవిడ్ సమయంలో మధ్యంతర బెయిలు మీదో పెరోల్ మీదో పంపిన రోజులుంటే వాటిని విడిగా రాసుకోండి. వాటిని కలిపేసుకోవడం కూడా తరచు జరిగే పొరపాటే.

ఉద్దానం_కొబ్బరి

అబ్బో. ఈ లెక్క జైల్లో ఉండదాండి?

బొబ్బిలి_వీణ

ఉంటుంది. దాని పేరు నామినల్ రోల్. ఖైదీ నంబరు, సెక్షన్లు, తీర్పు తేదీ, రిమాండు కాలం, పెరోల్, జైలు శిక్షలు, సంపాదించిన రెమిషన్, మొత్తం ఎంత అనేవన్నీ అందులో ఉంటాయి. ఖైదీ స్వయంగా సూపరింటెండెంటుకి అర్జీ రాసి అడగవచ్చు. రాకపోతే జైలు పౌర సమాచార అధికారికి సమాచార హక్కు దరఖాస్తు వేయండి. 10 రూపాయల రుసుము, 30 రోజుల గడువు. తెల్ల రేషన్ కార్డుంటే దాని నకలు జతచేస్తే రుసుము కూడా ఉండదు. దరఖాస్తులో "ఎప్పుడు వదులుతారు" అని రాయకండి. అది సమాచారం కాదంటారు. "నామినల్ రోల్ నకలు, ముందస్తు విడుదల ఫైలు ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉంది, ఏ తేదీన అక్కడికి పంపారు" అని అడగండి.

తోటపల్లి_కాలువ

ఎవరూ చెప్పని ఒక విషయం. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి మాత్రమే వచ్చే తలనొప్పి ఇది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చారు కదా. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరంలో కలిశాయి. పదేళ్ళ కిందట శిక్ష పడినవాడి జైలు రికార్డులో చిరునామా మాత్రం "శ్రీకాకుళం జిల్లా" అనే ఉంటుంది.

విడుదల ఫైలులో పోలీసు రిపోర్టు కావాలి. జైలు నుంచి లేఖ పాత జిల్లా ఎస్పీకి వెళ్తుంది. అక్కడ "మా పరిధి కాదు" అని తిప్పి పంపుతారు, లేదా మరో చోటికి పంపుతారు. ప్రొబేషన్ అధికారి రిపోర్టు విషయంలోనూ అదే గొడవ. నెలలు అలాగే పోతాయి. ఫైలు కదలకముందే ఖైదీ చేత సూపరింటెండెంటుకి ఒక చిన్న అర్జీ పెట్టించండి: ఊరు, మండలం, ఇప్పటి జిల్లా, ఠాణా పేరు, ఆధార్ నకలు. కోర్టు విషయం వేరు. శిక్ష వేసిన సెషన్స్ కోర్టు ఏదైతే ఉందో, అభిప్రాయం కూడా అక్కడి నుంచే రావాలి.

కళింగపట్నం_దీపం

సరిహద్దు ఊళ్ళవాళ్ళు ఇంకోటి గమనించాలి. ఇచ్ఛాపురం మనిషికి బరంపురం కోర్టులో శిక్ష పడితే, పాతపట్నం మనిషికి పర్లాకిమిడిలో పడితే, వదిలే అధికారం ఒడిశా ప్రభుత్వానిది. విచారణ ఎక్కడ జరిగి శిక్ష పడిందో ఆ రాష్ట్రమే నిర్ణయించాలి. నేరం ఎక్కడ జరిగింది, ఖైదీ ఇప్పుడు ఏ జైల్లో ఉన్నాడు అన్నది లెక్కలోకి రాదు. 2024 జనవరి 8న బిల్కిస్ బానో కేసులో గుజరాత్ ఇచ్చిన విడుదలలను కొట్టేసింది ఈ కారణం మీదే, ఎందుకంటే విచారణ ముంబైలో జరిగింది. మనవాళ్ళు వలస ఎక్కువ కదా. హైదరాబాద్‌లో శిక్ష పడితే తెలంగాణ, చెన్నైలో పడితే తమిళనాడు. ఇంటికి దగ్గరని విశాఖకి మార్పించుకున్నా సరే, ఆంధ్రా జీవో వాళ్ళకి వర్తించదు. అమరావతికి అర్జీలు పెట్టి ఏళ్ళు పోగొట్టుకోవడం అనవసరం.

సీబీఐ లాంటి కేంద్ర సంస్థ దర్యాప్తు చేసిన కేసైతే కేంద్రం ఒప్పుకోవాలి. చట్టంలో "సంప్రదింపు" అని ఉంటుంది గానీ 2015 శ్రీహరన్ తీర్పు ప్రకారం అది సమ్మతే.

గంటస్తంభం

అవును. ఆ శ్రీహరన్ తీర్పులోనే ఇంకోటి ఉంది. తీర్పు చివరి పేరా తప్పక చదవాలి. "రెమిషన్ లేకుండా 25 ఏళ్ళు" అనో 30 ఏళ్ళు అనో ఉంటే 14 ఏళ్ళ మాట మరిచిపోవచ్చు. కానీ అలా వేసే అధికారం హైకోర్టుకి, సుప్రీంకోర్టుకే ఉంది. సెషన్స్ కోర్టు వేస్తే అది అప్పీలులో ఎత్తి చూపాల్సిన పాయింటు. 161 అధికారం మాత్రం అక్కడా చెక్కుచెదరదు.

అరసవల్లి_రథం

మీరంతా లోపలున్నవాడి గురించే మాట్లాడుతున్నారు. చచ్చినవాడి ఇంటివాళ్ళ సంగతి ఎవరు చూస్తారు? అదే ఊరు, అదే వీధి. వీడు బయటకొచ్చి అరుగు మీద కూర్చుంటే ఆ పిల్లలు రోజూ వాడి ముఖం చూస్తూ బడికి పోవాలా? ఇలాంటి చర్చల్లో ఎప్పుడూ ఒక పక్కే ఉంటుంది.

నాగావళి_ఒడ్డు

ప్రశ్న న్యాయమైనదే. వాళ్ళకీ దారి ఉంది. ఏపూరు సుధాకర్ కేసు మన రాష్ట్రందే. హతుడి కొడుకు కోర్టుకెళ్ళాడు. 2006లో సుప్రీంకోర్టు గవర్నరు ఇచ్చిన క్షమాభిక్షని రద్దు చేసింది. రిపోర్టుల్లో ఫలానా పార్టీ మంచి కార్యకర్త అని రాశారట, దాన్ని కోర్టు గట్టిగా తప్పుపట్టింది. ఈ తరహా ఫైళ్ళలో రాజకీయ నాయకుల సిఫార్సు లేఖలు పెట్టొద్దని నేను చెప్పేది అందుకే. మేలు చేయవు, తరువాత ఎవరైనా సవాలు చేస్తే మొదటి రాయి అదే అవుతుంది.

ఊళ్ళో గొడవ సంగతి. పోలీసు రిపోర్టులో "శాంతిభద్రతలకు విఘాతం కలగవచ్చు" అన్న ఒక్క వాక్యం ఫైలుని ముంచేస్తుంది. చాలామంది ఈ వాక్యంతో ఠాణాలో వాదిస్తారు. వాదించే బదులు రెండో చిరునామా ఇవ్వండి. అక్క ఇల్లో, పిన్ని ఇల్లో, వేరే మండలంలో. ఆ ఇంటివాళ్ళ అంగీకార పత్రం, వాళ్ళ ఆధార్, అక్కడ దొరికే పని ఏమిటో ఒక కాగితం మీద. అరసవల్లి గారు అడిగినదానికి ఆచరణలో జవాబు కూడా ఇదే. విడుదల షరతుల్లో ఆ ఊరికి వెళ్ళకూడదని పెట్టవచ్చు. షరతులు సబబుగా ఉండాలి గానీ ఉండకూడదని ఎవరూ అనలేదు.

అరసవల్లి_రథం

రెండో చిరునామా మాట బాగుంది. మిగతా దానితో ఏకీభవించను, కానీ సరే.

బొబ్బిలి_వీణ

అర్జీ ఎలా రాయాలో కూడా చెప్పుకుందాం. "ముసలి తల్లి ఏడుస్తోంది" అని నాలుగు పేజీలు నింపుతారు. లక్ష్మణ్ నస్కర్ కేసులో 2000లో ఐదు ప్రశ్నలు పెట్టారు: నేరం ఆ ఇద్దరి మధ్యదేనా లేక సమాజం మొత్తాన్నీ తాకిందా, మళ్ళీ చేసే అవకాశముందా, చేసే శక్తి ఇంకా మిగిలుందా, ఇంకా లోపల ఉంచితే ప్రయోజనముందా, కుటుంబ ఆర్థిక పరిస్థితి ఏమిటి. అర్జీ ఈ ఐదింటికీ జవాబు కావాలి. పొలం గట్టు తగాదాలో జరిగినది, ముందు కేసుల్లేవు, జైల్లో ఒక్క శిక్షా లేదు, పెరోల్ మీద వెళ్ళిన ప్రతిసారీ చెప్పిన రోజుకి తిరిగొచ్చాడు. ఈ చివరిది అన్నింటికంటే బలమైన రుజువు. పెరోల్ రోజులు లెక్కలో పోతాయి గానీ నమ్మకంలో తిరిగొస్తాయి. తేదీలతో సహా రాయండి.

శిక్ష వేసిన కోర్టు జడ్జి అభిప్రాయం కూడా ఫైలులో ఉంటుంది. తీర్పు రాసిన జడ్జి ఎప్పుడో బదిలీ అయి ఉంటారు. ఇప్పుడున్నవారు రికార్డు చూసి "నేరం తీవ్రమైనది, సిఫార్సు చేయను" అని ఒక లైను రాస్తే చాలదు. కారణాలు ఉండాలని 2022లో రామ్ చందర్ కేసు. అలాంటి ఒక్క లైను మీద తిరస్కరిస్తే హైకోర్టులో నిలబడదు.

తోటపల్లి_కాలువ

జరిమానా మరిచిపోయారు. "జీవిత ఖైదు, 5,000 జరిమానా, కట్టకపోతే 6 నెలలు" అని ఉంటుంది. విడుదల ఉత్తర్వు వచ్చినా ఆ 6 నెలలు విడిగా అనుభవించాలి. వేరే శిక్షతో కలిసి నడవదు. కోర్టులో కట్టి, రసీదుతోపాటు ఆ సమాచారం జైలుకి చేరిందో లేదో కనుక్కోండి. రసీదు ఇంట్లో బీరువాలో ఉంటే జైలుకి తెలియదు. సగం కడితే సగం కాలం తగ్గుతుంది. అసలు కట్టలేనివాళ్ళకి 2023లో కేంద్రం తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకం ఉంది. శిక్ష పడినవాళ్ళకి 25,000 వరకు జరిమానా కడతారు. జిల్లా కమిటీ తేల్చాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా వెళ్ళండి.

ఉద్దానం_కొబ్బరి

ఆ సంస్థలో లాయరుకి డబ్బులివ్వాలా? జైలువాళ్ళకి అర్జీ పెట్టకపోతే పేరు రాదని కూడా ఒకరన్నారు.

గంటస్తంభం

ఇవ్వక్కర్లేదు. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచితం. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100కి ఫోను చేసినా చాలు. జైల్లో కూడా పారాలీగల్ వాలంటీర్లు వస్తారు.

అర్జీ మాట. 2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు చెప్పింది: విధానం ఉన్న రాష్ట్రంలో అర్హత వచ్చిన ప్రతి ఖైదీ కేసునీ అర్జీ లేకుండానే పరిశీలించాలి. తిరస్కరిస్తే కారణాలు రాయాలి, ఆ కాగితం ఖైదీకి ఇవ్వాలి, సవాలు చేసే హక్కుందని చెప్పాలి, న్యాయ సేవాధికార సంస్థకి నకలు పంపాలి. చట్టం ఇంత చెప్పినా నేనైతే అర్జీ పెట్టమనే అంటాను. అందినట్టు ముద్ర ఉన్న కాగితం చేతిలో లేకపోతే రేపు హైకోర్టులో ఏం చూపిస్తారు? అక్కడ కూడా "వదలండి" అని కాదు, "ఇన్ని వారాల్లో నిర్ణయం తీసుకోండి" అని అడిగితే పని జరుగుతుంది.

కళింగపట్నం_దీపం

అప్పీలు ఇంకా హైకోర్టులో పెండింగ్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట. 14 ఏళ్ళ దాకా ఎదురుచూడక్కర్లేదు. 2016లో ఉమ్మడి హైకోర్టు బచ్చు రంగారావు కేసులో, జీవిత ఖైదు పడి అయిదేళ్ళు లోపల ఉన్నవాళ్ళు, అప్పీలు తేలకపోతే బెయిలుకి అర్హులని చెప్పింది. కొన్ని రకాల నేరాలకి మినహాయింపులున్నాయి. మన హైకోర్టులో ఇప్పటికీ ఈ పేరు చెప్పే బెయిలు పిటిషన్లు వేస్తారు.

నాగావళి_ఒడ్డు

ఇంకొక దారి చాలామందికి తట్టదు. వయసు. నేరం జరిగిన రోజుకి 18 నిండలేదని తేలితే శిక్ష మొత్తం పోతుంది. జువైనల్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఈ మాట ఎప్పుడైనా ఎత్తవచ్చు, సుప్రీంకోర్టులో కేసు ముగిసిపోయాక కూడా. 2025 జనవరిలో ఉత్తరాఖండ్ కేసులో దాదాపు 25 ఏళ్ళు లోపల ఉన్న ఓంప్రకాశ్ ఇలాగే బయటకొచ్చాడు.

రుజువుకి వరస ఉంది. ముందు బడి రికార్డు లేదా పది సర్టిఫికెట్. అవి లేకపోతేనే పంచాయతీ లేదా మునిసిపాలిటీ జనన పత్రం. అదీ లేకపోతే ఎముకల పరీక్ష, అది నడివయసులో నికరంగా చెప్పలేదు. జరిగే పొరపాటు ఏమిటంటే, ఇప్పుడు కొత్తగా స్టడీ సర్టిఫికెట్ రాయించి పెడతారు. ప్రాసిక్యూటరు ఒక్క ప్రశ్నతో ఊడబీకుతాడు: "ఏ రిజిస్టరు చూసి ఇచ్చారు?" కావాల్సింది 1వ తరగతి ప్రవేశ రిజిస్టరులో ఆ పేజీ. వరస సంఖ్య, చేరిన తేదీ, తండ్రి పేరు, పైనా కిందా ఉన్న పిల్లల పేర్లతో సహా నకలు, అదే రిజిస్టరుతో హెడ్మాస్టరు సాక్ష్యం. బడి మూతపడితే మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో వెతకాలి. పాత రిజిస్టర్లలో సగం పిల్లలకి ఒకే పుట్టిన తేదీ ఉంటుంది, బడిలో వేసేసేవారు. అది మన పల్లెల్లో మామూలే గానీ కోర్టులో బలహీనత. అందుకే రెండో రుజువు కూడా చేతిలో ఉండాలి.

ఉద్దానం_కొబ్బరి

నామినల్ రోల్ నకలు ఫోనులో పంపించారండి. ఇంట్లోవాళ్ళ లెక్కకి, ఇందులో లెక్కకి అయిదు నెలలు తేడా ఉంది. రిమాండు గడిలో ఏమీ రాయలేదు, గీత కొట్టి ఉంది. రిమాండులో ఉన్న మాట మాత్రం నిజం, ముందు అంపోలు (శ్రీకాకుళం జిల్లా) జైల్లోనే ఉన్నాడు.

బొబ్బిలి_వీణ

దొరికింది చూడండి. శిక్ష వారెంటులో కోర్టు రిమాండు కాలం రాయకపోతే జైలువాళ్ళు గీత కొట్టేస్తారు. వాళ్ళంతట వాళ్ళు కలపరు. శ్రీకాకుళం సెషన్స్ కోర్టులో తీర్పు సర్టిఫైడ్ నకలుకి దరఖాస్తు పెట్టండి. అందులో సెట్ ఆఫ్ పేరా, అంటే రిమాండు కాలాన్ని శిక్షలో కలపమనే పేరా ఉందో లేదో చూడండి. ఉంటే ఆ నకలుతో సూపరింటెండెంటుకి సవరణ అర్జీ. లేకపోతే అంపోలు జైలు నుంచి అడ్మిషన్, విడుదల తేదీల ధ్రువపత్రం తీసుకుని అదే కోర్టులో 428 కింద పిటిషన్ వేయాలి. ముందు ఇది సరిచేయించండి, మిగతావన్నీ తరువాత. వారెంటు వెనక వైపు కూడా ఫొటో తీసి పంపమనండి. తేదీలు అక్కడ చేత్తో రాసి ఉండొచ్చు.